దాటిపోయే డేగల లెక్క: అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బెర్క్స్, స్కూల్‌కిల్ కౌంటీల సరిహద్దు మీదుగా కిటటినీ అనే కొండవరుస సాగుతుంది. కింద మొక్కజొన్న చేలు, పశువుల కొట్టాలు, చిన్న చిన్న ఊళ్లు. ఆ వరుసలో హాక్ మౌంటెన్ అనే చోట సుమారు 1,500 అడుగుల ఎత్తున ఒక రాతి చట్టు ఉంది. ఏటా ఆగస్టు 15 నుంచి డిసెంబరు 15 దాకా కొందరు ఆ రాళ్ల మీద పొద్దుటి నుంచి సాయంత్రం వరకూ కూర్చుని, దక్షిణానికి వలసపోయే డేగల్నీ గద్దల్నీ లెక్కపెడతారు. వాళ్లలో జీతం తీసుకునేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లంతా సొంత బైనాక్యులర్లూ అన్నం డబ్బాలూ తెచ్చుకుని వచ్చే స్వచ్ఛంద గణకులు. సగటున ఏడాదికి సుమారు 18 వేల వేటపక్షులు వాళ్ల లెక్కలోకి ఎక్కుతాయి. 1934లో మొదలైన ఈ లెక్క వేటపక్షుల విషయంలో ప్రపంచంలోనే అత్యంత పాతది.

ఇంతకీ ఆ అంకె దేనికి కొలత? పక్షుల సంఖ్యకా, ఆ ఏడు వీచిన గాలికా, చూసేవాళ్ల కంటిచూపుకా? గత నలభై ఏళ్లుగా పక్షిశాస్త్రంలో ఈ ప్రశ్న మీద నలుగుతున్న వాదం బాగా చిక్కుపడింది. గణాంక పద్ధతులు మారాయి, ఉపగ్రహ ట్యాగులు వచ్చాయి, ఫోనులోనే పక్షుల జాబితా నమోదు చేసే ఈబర్డ్ వచ్చింది. ఒక్కొక్కటీ పాత లెక్కలను ఒక్కో రకంగా తూచింది. ఆ వాదాలను ఒకచోట పెట్టి చూడవలసిన సమయం ఇది.

కాల్పులు ఆపడానికి వెళ్లి లెక్క మొదలుపెట్టారు

ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో డేగంటే అమెరికా పల్లెల్లో కోళ్లదొంగ. 1929లో పెన్సిల్వేనియా ప్రభుత్వమే గోషాక్ అనే పెద్ద డేగను చంపి తెచ్చినవారికి అయిదు డాలర్ల బహుమానం ప్రకటించింది. శరత్కాలం వస్తే వేటగాళ్లు ఈ కొండెక్కి, గాలివాలున తక్కువ ఎత్తులో వచ్చే పక్షులను గుంపులు గుంపులుగా కాల్చేవారు. 1932లో రిచర్డ్ పఫ్ అనే యువకుడు చచ్చిన డేగలను అడవి నేల మీద వరసలుగా పేర్చి ఫొటోలు తీశాడు. అవి చూసి చలించిన న్యూయార్క్ వనిత రోజలీ ఎడ్జ్ 1934లో ఆ కొండమీది 1,400 ఎకరాలను ముందు కౌలుకు తీసుకుని, ఆ తర్వాత కొనేశారు. వేటపక్షుల కోసం ఏర్పడిన మొట్టమొదటి అభయారణ్యం అది.

కాపలాకు ఆవిడ పిలిపించిన మారిస్ బ్రౌన్ అసలు పని వేటగాళ్లను వెనక్కి పంపడం. దారి దగ్గర ఆయన భార్య ఇర్మా నిలబడి తుపాకులవాళ్లను ఆపేది, పైన చట్టు మీద ఆయన వచ్చిపోయే పక్షులను రాసుకునేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన నౌకాదళ సేవకు వెళ్లడంతో 1943 నుంచి 1945 వరకూ లెక్క ఆగింది. మిగతా ఏళ్లన్నీ వరసగా ఉన్నాయి.

ఈ పుట్టుకను గుర్తుంచుకోవాలి. ఏ శాస్త్ర ప్రణాళికా లేకుండా, ఎక్కడ పక్షులు ఎక్కువగా కనిపిస్తాయో అక్కడే కూర్చుని మొదలుపెట్టిన లెక్క ఇది. తర్వాత వచ్చిన అభ్యంతరాల్లో సగం ఈ పునాది గురించే.

ఇదే కాలానికి ఇటూ అటూ మరి రెండు లెక్కలు పుట్టాయి. 1900 క్రిస్మస్ రోజున ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపు మీద 27 మంది మొదలుపెట్టిన క్రిస్మస్ పక్షుల గణన ఇప్పటికీ నడుస్తోంది. పదిహేను మైళ్ల వ్యాసంగల వృత్తంలో ఒక్కరోజు కనిపించిన ప్రతి పక్షినీ లెక్కించడం దాని పద్ధతి. 1966లో చాండ్లర్ రాబిన్స్ ప్రారంభించిన గూళ్లకాలపు సర్వేలో ఒక్కో గణకుడు ఇరవై నాలుగున్నర మైళ్ల రోడ్డు మీద యాభై చోట్ల ఆగి, ఒక్కోచోట మూడు నిమిషాలు చూసి, విని రాస్తాడు. ఒకటి చలికాలానిది, రెండోది గుడ్లు పెట్టే కాలానిది. కొండమీది లెక్క ఈ రెంటికీ నడుమ, ప్రయాణంలో ఉన్న పక్షిది.

మిగతా రెండూ ఉండగా ఇదెందుకు? ఈ డేగల్లో చాలావాటి గూళ్లు కెనడా ఉత్తరాది అడవుల్లో ఉంటాయి. అక్కడ రోడ్లు లేవు, కాబట్టి రోడ్డు సర్వే అక్కడికి చేరదు. చలికాలంలో అవి ఎక్కడెక్కడో చెదిరిపోతాయి. ఏడాది మొత్తం మీద మనిషి కంటి ముందుకు వచ్చేది శరత్కాలపు ఆ కొన్ని వారాలే.

గంటకో వరస

పద్ధతి తెలిస్తేగాని వాదం అర్థం కాదు. చట్టు మీద గణకుడి దగ్గర గంటగంటకూ నింపవలసిన కాగితం ఉంటుంది. ఏ జాతి ఎన్ని, గాలి ఎటు నుంచి ఎంత వేగంగా వీస్తోంది, ఎండ ఎంత, మబ్బు ఎంత, ఎంత దూరం కనిపిస్తోంది, పక్షులు ఏ ఎత్తులో పోతున్నాయి, ఆ గంటలో ఎంతమంది చూశారు, ఇవన్నీ రాయాలి. వీలైతే పక్షి పిల్లదా పెద్దదా అన్నది కూడా. ఎదురుగా ఉన్న కొండ శిఖరాలకు ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్నాయి. 'మూడు మీద, కుడివైపు' అని ఒకరు అనగానే బైనాక్యులర్లన్నీ అటు తిరుగుతాయి.

సెప్టెంబరు మధ్యలో బ్రాడ్-వింగ్డ్ హాక్‌లు వచ్చినప్పుడు పని కష్టమవుతుంది. వేడెక్కిన గాలి పైకి లేచే చోట అవి వందలుగా చేరి సుడి తిరుగుతూ ఎత్తుకు పోతాయి. ఆ గుంపును అక్కడివాళ్లు 'కెటిల్' అంటారు. కెటిల్ తిరుగుతుండగా లెక్కపెడితే ఒకే పక్షిని మూడుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. అందుకని తల పైకెత్తి ఓపిగ్గా ఆగుతారు. సుడి పైకొసకు చేరిన పక్షి రెక్కలు బిగించి దక్షిణానికి జారుతుంది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. అలా దండలా సాగేటప్పుడు చేతిలోని మీట నొక్కుతూ లెక్కిస్తారు.

అక్టోబరు మొదట్లో చిన్న షార్ప్-షిన్డ్ హాక్‌లు వస్తాయి. వాటికి అలా పైకి లేచే వేడిగాలితో పెద్దగా పని లేదు. శీతల వాయుప్రవాహం దాటాక వాయవ్యం నుంచి వీచే గాలి కొండకు కొట్టుకుని పైకి ఎగసినప్పుడు, దాన్ని పట్టుకుని శిఖరాల వెంట తక్కువ ఎత్తులో పోతాయి. గాలి అటు కాకుండా ఇటు తిరిగితే అవే పక్షులు ఇంకో కొండవరుస మీదుగానో, విస్తారంగా చెదిరో వెళ్లిపోతాయి. చట్టు మీద అంకె పడిపోతుంది. ఒక్క పక్షి కూడా తగ్గలేదు.

1978 సెప్టెంబరు 14న ఇక్కడ ఒక్కరోజే 21 వేలకు పైగా బ్రాడ్-వింగ్డ్ హాక్‌లు దాటాయి. మామూలు సంవత్సరం మొత్తానికి వచ్చే అన్ని జాతుల లెక్క కంటే ఆ ఒక్కరోజుది ఎక్కువ. ఏడాది మొత్తాన్ని పక్క ఏడాదితో పోల్చి 'పెరిగాయి', 'తగ్గాయి' అనడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

రేచెల్ కార్సన్ వాడిన సాక్ష్యం

మరైతే ఈ లెక్క ఎందుకు పనికొచ్చింది? ప్రకృతి రచయిత్రి రేచెల్ కార్సన్ 1945 శరత్కాలంలో ఈ కొండ ఎక్కారు. 1962లో అచ్చయిన 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో ఆవిడ బ్రౌన్ లెక్కలను ముందుకు తెచ్చారు. 1935-39 మధ్య ఇక్కడ కనిపించిన బాల్డ్ ఈగిల్స్‌లో 40 శాతం ఏడాది పిల్లలు. 1955-59 మధ్య ఆ వాటా 20 శాతానికి పడిపోయింది. 1957లో 32 పెద్దవాటికి ఒక్క పిల్ల మాత్రమే కనిపించింది. గద్దలు బతికే ఉన్నాయి, పిల్లలు మాత్రం పుట్టడం లేదు.

దానికి తోడు ఫ్లోరిడాలో ఛార్లెస్ బ్రోలీ అనే ఆయన గూళ్లెక్కి గద్దపిల్లల కాళ్లకు ఉంగరాలు వేస్తూ రాసుకున్న లెక్క ఉంది. ఆయన కెనడాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. పదేళ్లలో వెయ్యికి పైగా పిల్లలకు ఉంగరాలు వేశాడు. 1947 తర్వాత గూళ్లల్లో పిల్లలు కరువయ్యాయని గమనించాడు. ఒకరి విషయం మరొకరు చూసి రాసినది కాదు. దేశానికి ఆ కొసన ఒక లెక్క, ఈ కొసన ఒక లెక్క, రెండూ ఒకే మాట చెప్పాయి. ఈ నష్టానికి కారణమైన డీడీటీ అనే పురుగుమందును అమెరికా 1972లో నిషేధించింది. 2007లో బాల్డ్ ఈగిల్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేసింది. హాక్ మౌంటెన్ మీద ఇప్పుడు అవి ఏటా వందల్లో దాటుతున్నాయి.

ఈ ఉదాహరణను లెక్కల సమర్థకులు తరచూ చెబుతారు. దాని బలం ఎక్కడుందో మాత్రం అందరూ ఒత్తి చెప్పరు. కార్సన్ వాడింది మొత్తం సంఖ్యను కాదు, పిల్లల వాటాను. గాలి మళ్లినా, మబ్బు కమ్మినా పిల్లా పెద్దా దాదాపు ఒకే రీతిన తప్పిపోతాయి కాబట్టి నిష్పత్తి నిలకడగా ఉంటుంది. ఈ కొండమీది రికార్డులో అన్నిటికంటే గట్టిది ఇలాంటి నిష్పత్తులేనని నా అభిప్రాయం. వయసు పోల్చి రాయడానికి అనుభవం కావాలి. కొత్త గణకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు దానిమీద ఎంత సమయం పెడితే అంత లాభం.

ఒకే డేగ, రెండు లెక్కలు

1980ల నుంచి తూర్పు అమెరికా గణన కేంద్రాల్లో, ముఖ్యంగా న్యూజెర్సీ తీరంలోని కేప్ మే దగ్గర, షార్ప్-షిన్డ్ హాక్‌ల అంకెలు పడిపోతూ వచ్చాయి. గణకుల్లో ఆందోళన మొదలైంది. పురుగుమందులు కారణమా, ఉత్తరాది అడవుల మీద ఆమ్లవర్షాలా, అవి తినే చిన్న పిట్టలు తగ్గిపోవడమా అని ఊహలు సాగాయి.

అదే సమయంలో న్యూ ఇంగ్లండ్‌లో క్రిస్మస్ గణన మరో కథ చెప్పింది. అక్కడ చలికాలంలో ఆ డేగలు పెరుగుతున్నాయి. 1996లో వెలువడిన పరిశోధనలు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాయి. జనం పెరళ్లలో పిట్టలకు గింజలు పెట్టే తొట్లు బాగా పెరిగాయి. గింజల కోసం పిట్టలు, పిట్టల కోసం డేగలు. దూరం పోవలసిన డేగల్లో కొన్ని దారి మధ్యలోనే ఆగిపోతున్నాయి. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ దాకా రావడం లేదు. పక్షిశాస్త్రంలో ఈ ధోరణికి 'షార్ట్-స్టాపింగ్' అని పేరు. తర్వాతి కాలంలో రెడ్-టెయిల్డ్ హాక్ విషయంలోనూ ఇలాంటిదే కనిపించింది. చలికాలపు వెచ్చదనం కూడా అందులో పాత్రధారి.

పడిపోయిన అంకె మొత్తాన్నీ షార్ట్-స్టాపింగే వివరించలేకపోయింది. కొంత నిజమైన తగ్గుదల కూడా ఉండి ఉండవచ్చన్నవారున్నారు. అయినా ఈ వివాదం తర్వాత ఒక విషయం తేలిపోయింది. దారి మధ్యలో కూర్చుని లెక్కించేవాళ్లకు, పక్షులు చచ్చిపోయాయా లేక ముందే ఆగిపోయాయా అన్నది ఆ లెక్క ఒక్కదాంట్లోంచి తెలియదు.

మూడు వర్గాలు

ఇక్కడి నుంచి అభిప్రాయాలు మూడు పాయలుగా చీలాయి.

మొదటి వర్గం సూచికవాదులది. లెక్కలోని అంకె పక్షుల సంఖ్య కాదని వీళ్లూ ఒప్పుకుంటారు. ఒకే చోట, ఒకే కాలంలో, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి లెక్కిస్తే దాటే పక్షుల్లో లెక్కకు చిక్కేవాటి వాటా సగటున ఒకేలా ఉంటుందని వీరి నమ్మకం. అప్పుడు అంకె పడితే జనాభా పడినట్టే. 1990లో హాక్ మౌంటెన్ 1934-86 లెక్కలను విశ్లేషించిన వ్యాసం ఈ దారినే నడిచింది. డీడీటీ కాలంలో పడిపోయి, నిషేధం తర్వాత లేచిన జాతుల గీతలు దానికి ఊతమిచ్చాయి. 1974లో ఏర్పడిన ఉత్తర అమెరికా డేగల వలస సంఘం కేంద్రాలన్నిటికీ ఒకే నమూనా కాగితం తెచ్చింది. ఆ తర్వాత అనేక కేంద్రాల లెక్కలను కలిపి రాప్టర్ పాపులేషన్ ఇండెక్స్ అనే ఉమ్మడి ప్రయత్నం మొదలైంది.

రెండో వర్గం అసలు ఆ వాటా మారదన్న ఊహనే ప్రశ్నిస్తుంది. వన్యప్రాణి గణాంక నిపుణుడు డేవిడ్ ఆండర్సన్ 2001లో, ఎన్ని తప్పిపోయాయో అంచనా కట్టకుండా వట్టి అంకెలతో ధోరణులు చెప్పడం శాస్త్రం కాదని ఘాటుగానే రాశారు. ఆ విమర్శ డేగల లెక్కకు సూటిగా తగులుతుంది. తేటైన నీలాకాశంలో మచ్చలాంటి పక్షి కంటికి ఆనదు, దాని వెనక తెల్లమబ్బు ఉంటే ఇట్టే తెలుస్తుంది. మధ్యాహ్నం గాలి బాగా వేడెక్కితే పక్షులు చూపుకందనంత పైకి పోతాయి, కాగితం మీద మాత్రం 'మధ్యాహ్నం వలస మందగించింది' అని పడుతుంది. 1930లలో ఉన్న బైనాక్యులర్లు వేరు, నేటివి వేరు. ఒక్క బ్రౌన్ చూసిన ఆకాశాన్ని ఇప్పుడు సెలవురోజున డజన్లకొద్దీ జనం చూస్తారు. ఈ వర్గం సూచించే మందు, ఇద్దరు గణకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడిగా లెక్కించడం. ఇద్దరికీ చిక్కినవి, ఒకరికే చిక్కినవి పోల్చితే ఇద్దరికీ తప్పిపోయినవి ఎన్నో అంచనా వేయవచ్చు. ప్రయోగాలు జరిగాయి, ఫలితాలు ఉపయోగపడ్డాయి. కానీ నాలుగు నెలలూ రోజుకు ఇద్దరు మాట్లాడుకోకుండా కూర్చోవాలంటే ఎక్కడ దొరుకుతారు? పైగా ఒకరికొకరు చూపించుకోవడమే స్వచ్ఛంద గణకులను ఆ చట్టు మీదకు రప్పించే ఆనందం.

మూడో వర్గం ఏ ఒక్క లెక్కనూ పూర్తిగా నమ్మదు, ఏ ఒక్కదాన్నీ పారేయదు. కొండమీది లెక్క, క్రిస్మస్ లెక్క, గూళ్ల సర్వే, 2002లో మొదలైన ఈబర్డ్ జాబితాలు, ట్యాగుల దారులు, అన్నిటినీ ఒకే గణాంక నమూనాలో కలపాలంటుంది. ఉత్తర అమెరికాలో 1970 నుంచి సుమారు 290 కోట్ల పక్షులు తగ్గాయని తేల్చిన 2019 నాటి సైన్స్ పత్రిక వ్యాసం ఇలా ఎక్కువగా స్వచ్ఛంద లెక్కల మీద ఆధారపడి, వాతావరణ రాడార్లతో సరిచూసుకున్నదే. ఆ లెక్కలో వేటపక్షులు పెరిగినవాటి వైపు ఉండటం గమనించాలి. ఈ వర్గం బలహీనత వేరే చోట ఉంది. నమూనా సంక్లిష్టమయ్యేకొద్దీ దాని లోపల ఏం జరిగిందో చట్టు మీద కూర్చున్న మనిషికి అర్థం కాదు. తను రాసిన అంకె ఎక్కడ ఎంత సవరణకు లోనైందో అడిగితే జవాబు చెప్పగలిగేవారు కొద్దిమందే.

ముగ్గురూ గణకుణ్ణి అడిగేది ఒకటి కాదు. మొదటి వర్గం క్రమశిక్షణ అడుగుతుంది, ఏమీ మార్చొద్దంటుంది. రెండోది పద్ధతినే మార్చమంటుంది. మూడోది ఏ పద్ధతైనా పరవాలేదు, గాలీ మబ్బూ చూపరుల సంఖ్యా వదలకుండా రాయమంటుంది. నాకు మూడోదాని అడుగు సరైనదనిపిస్తుంది. అయితే అది నిలబడేది మొదటివాళ్లు తొంభై ఏళ్లుగా పద్ధతి చెడకుండా కాపాడిన వరస మీదే. గంటగంటకూ గాలి ఎటుందో రాసిపెట్టిన ఆ పాత కాగితాలు లేకపోతే ఈనాటి సవరణలకు పునాదే లేదు.

చోటు సంగతి కూడా ఈ వాదంలో ఉంది. పెన్సిల్వేనియాలో పక్షుల దారి వెడల్పైనది, గాలిని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. మెక్సికోలోని వెరాక్రూజ్‌లో కొండకూ సముద్రానికీ మధ్య సన్నటి మైదానం. అక్కడ శరత్కాలంలో లక్షల్లో కాదు, పదుల లక్షల్లో వేటపక్షులు దాటుతాయి. బ్రాడ్-వింగ్డ్ హాక్‌ల్లో అత్యధికభాగం అక్కడి నుంచే పోక తప్పదు కాబట్టి ఆ జాతికి వెరాక్రూజ్ లెక్కే ప్రమాణం. షార్ప్-షిన్డ్ హాక్‌కు మాత్రం అది పనికిరాదు, ఎక్కువభాగం అంత దూరం వెళ్లవు. ఏ జాతికి ఏ చోటు అన్నది ముందు తేల్చుకోకుండా కేంద్రాలను పోల్చడం వల్లనే ఈ రంగంలో చాలా గందరగోళం పుట్టింది.

మన వైపు చూస్తే

భారతదేశంలో కొండమీది లెక్క లాంటి దీర్ఘకాలపు వరస లేదు. మనకున్నది చెరువుల మీద జనవరి లెక్క, జాబితాల లెక్క. 1987 నుంచి నడుస్తున్న ఆసియా నీటిపక్షుల గణనలో కొల్లేరు, పులికాట్ వంటి చోట్ల ఔత్సాహికులు ఏటా పాల్గొంటున్నారు. నీటి మీద కూర్చున్న బాతును లెక్కించడం ఆకాశంలో పోయే డేగను లెక్కించడం కంటే సులువు. మిగతా పక్షులకు ఈబర్డ్ జాబితాలే ఆధారం. 2023 భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. వాటిలో దీర్ఘకాల ధోరణి చెప్పగలిగినవి 338 మాత్రమే. ఆ 338లో 60 శాతం తగ్గినట్టు తేలింది. వేటపక్షుల పరిస్థితి బాగా లేదని నివేదిక స్పష్టంగానే చెప్పింది. మిగిలిన ఆరు వందల పైచిలుకు జాతుల గురించి పాతకాలపు జాబితాలు చాలలేదు. పద్ధతిగా చేస్తే ఎంత వస్తుందో కేరళ చూపించింది. 2015-20 మధ్య అక్కడ వెయ్యికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రాన్ని గళ్లుగా విభజించి, ఏడాదికి రెండు కాలాల్లో తిరిగి పక్షుల అట్లాస్ తయారుచేశారు.

తెలుగు నేలకు శరత్కాలపు వేటపక్షులతో సూటి సంబంధం ఉంది. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర 2013లో ట్యాగు వేసిన అమూర్ ఫాల్కన్లు అనే చిన్న వేటపక్షులు ఆఫ్రికాకు పోతూ ఆంధ్రప్రదేశ్ మీదుగా ద్వీపకల్పాన్ని దాటాయి. ట్యాగు కొద్ది పక్షుల దారినే చూపిస్తుంది, ఎన్ని దాటాయో చెప్పదు. తూర్పు కనుమల మీద ఎక్కడైనా ఏటా ఒకేచోట కూర్చుని ఆ కొన్ని వారాలూ చూస్తేనే ఆ రెండో ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. ఎక్కడ కూర్చోవాలన్నది ట్యాగుల దారులను బట్టి నిర్ణయించుకోవచ్చు. పెన్సిల్వేనియావాళ్లకు 1934లో ఆ సదుపాయం లేదు.

తేలనిది: కెస్ట్రెల్

అన్ని వాదాలనూ ఒకేసారి పరీక్షకు పెడుతున్న పక్షి అమెరికన్ కెస్ట్రెల్. పొలాల గట్ల మీద, కరెంటు తీగల మీద కూర్చుని మిడతలనూ ఎలుకలనూ పట్టే చిన్న పక్షి. తూర్పు అమెరికా గణన కేంద్రాల్లో దాని అంకెలు దశాబ్దాలుగా పడిపోతున్నాయి. షార్ప్-షిన్డ్ హాక్ అనుభవం తర్వాత మొదటి అనుమానం సహజంగానే షార్ట్-స్టాపింగ్ మీదకు వెళ్లింది. కానీ ఇక్కడ గూళ్లకాలపు సర్వే కూడా తగ్గుదలే చూపిస్తోంది. బెర్క్స్ కౌంటీ లాంటి చోట్ల కొట్టాలకూ స్తంభాలకూ స్వచ్ఛంద కార్యకర్తలు బిగించిన గూటిపెట్టెల్లో కాపురమున్న జంటలు చాలాచోట్ల తగ్గాయి. అంటే దారి మార్చుకోవడం కాదు, పక్షే తగ్గుతోంది.

కారణం దగ్గరకు వచ్చేసరికి అందరూ విడిపోతారు. పొలాలు ఇళ్లస్థలాలు కావడం, గట్ల మీది పాత తొర్రచెట్లు కొట్టేయడం, కొత్తతరం పురుగుమందుల వల్ల మిడతలు కరువవడం, ఎలుకమందు తిన్న ఎలుకలు, అడవులు పెరిగి పక్షులను వేటాడే కూపర్స్ హాక్ అనే డేగలు ఎక్కువవడం, చలికాలపు నెలవుల్లో ఏదో జరగడం, ఇవన్నీ వినిపిస్తున్నాయి. కూపర్స్ హాక్ పెరిగింది ఈ లెక్కల ప్రకారమే కాబట్టి అది కెస్ట్రెల్‌ను తింటోందన్న వాదం బాగా ప్రచారంలోకి వచ్చింది. రెండు గీతలు ఎదురెదురుగా పోతున్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేం. ఇళ్లస్థలాలు పెరగడమే రెంటికీ కారణం కావచ్చు.

గూటిపెట్టెల్లో గుడ్లు పొదుగుతున్నాయి, పిల్లలు ఎగురుతున్నాయి. మరుసటి వసంతానికి తిరిగివచ్చేవి చాలడం లేదని అనుమానం. అలాగైతే నష్టం ఎగిరిన పిల్ల మొదటి శరత్కాలానికీ తర్వాతి వసంతానికీ మధ్య ఎక్కడో జరుగుతోంది. చట్టు మీది కాగితంలో కెస్ట్రెల్ పిల్లదా పెద్దదా అన్న గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే దూరం నుంచి ఆ తేడా పట్టడం అనుభవజ్ఞులకే కష్టం. ఆ లోటు తీర్చడానికే పరిశోధకులు ఇప్పుడు పిల్లలకు తేలికైన ట్రాన్స్‌మిటర్లు కడుతున్నారు.